గర్భిణుల్లో హెర్పిస్: తల్లీబిడ్డల భద్రత కోసం వినతిపత్రం

వైద్య ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ కమిషనర్ గారికి,
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం.

విషయం: జననాంగ హెర్పిస్ ఉన్న గర్భిణులకు గుట్టు చెడకుండా వైద్యం, సురక్షితమైన కాన్పు అందించాలని వినతి.

ఆర్యా,

ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు బరువు, బీపీ చూస్తారు, రక్తపరీక్షలు చేస్తారు. ‘మీకు గానీ, మీ ఆయనకు గానీ ఎప్పుడైనా కింద పొక్కులు, పుళ్లు వచ్చాయా?’ అన్న ప్రశ్న మాత్రం చాలాచోట్ల వినపడదు. అడిగినా, పక్కన అత్తగారు, వెనక వరుసలో పదిమంది ఉండగా ఏ కోడలు నోరు విప్పుతుంది?

ఆ పొక్కులకు కారణం కాగల హెర్పిస్ వైరస్ ఒకసారి ఒంట్లో చేరితే పోదు. నరాల్లో దాగి అప్పుడప్పుడూ తిరగబెడుతుంది. పాత జబ్బయితే తల్లిలో అప్పటికే తయారైన ప్రతిరక్షకాలు బిడ్డనూ కాపాడతాయి. కాన్పులో సోకే ముప్పు నూటికి మూడుకు మించదు. నెలలు నిండాక తొలిసారి సోకి మామూలు కాన్పయితే అది 30 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. గర్భిణులందరికీ హెర్పిస్ రక్తపరీక్ష చేయమని మేం అడగడం లేదు. మా కోర్కెలివి:

1. పేరు నమోదు నాడే నర్సు గర్భిణిని ఒంటరిగా కూర్చోబెట్టి పొక్కులు, పుళ్ల గురించిన పై ప్రశ్న అడగాలి. జవాబును ఇంటిల్లిపాదీ తిరగేసే కార్డులో రాయకుండా, లేబర్ రూమ్ సిబ్బందికి మాత్రమే తెలిసే గుర్తుతో నమోదు చేయాలి.

2. జబ్బు ఉన్నవారికి 36వ వారం నుంచి కాన్పు దాకా ఎసైక్లోవిర్ 400 మి.గ్రా. మాత్రలు రోజుకు మూడు చొప్పున ఉచితంగా ఇవ్వాలి. లైంగిక వ్యాధులకు వైద్యం చేసే సురక్ష క్లినిక్‌ల ఎర్ర కిట్‌లో ఉండేవి వారానికి సరిపడా 21 మాత్రలే. నాలుగు వారాలకు 84 కావాలి.

3. నొప్పులతో వచ్చినప్పుడు మంచి వెలుతురులో పరీక్షించాలి. పొక్కులున్నా, అవి రాబోయే ముందు కలిగే మంట, తిమ్మిరి ఉన్నా సిజేరియన్ చేయాలి. ఏవీ లేకపోతే పాత జబ్బు ఒక్కటే సాకుగా పెద్దాపరేషన్ చేయకూడదు.

4. చివరి మూడు నెలల్లో తొలిసారి పుళ్లు కనిపిస్తే వెంటనే మందు మొదలుపెట్టి, పెద్దాసుపత్రికి పంపాలి. అక్కడ పీసీఆర్ పరీక్ష అందుబాటులో ఉంచాలి.

5. నవజాత శిశు విభాగాల్లో ఎసైక్లోవిర్ ఇంజెక్షన్ ఎప్పుడూ నిల్వ ఉండాలి. బిడ్డకు సోకిందన్న అనుమానం వస్తే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మొదలుపెట్టాలి.

6. కాన్పయ్యాక 42వ రోజు వరకు బాలింత ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వాలి. బిడ్డ పాలు తాగకపోవడం, మగత, జ్వరం, ఫిట్స్, పొక్కులు గుర్తించగలగాలి. పెదవిపై పొక్కులున్నవారు బిడ్డను ముద్దాడకూడదనీ, రొమ్ముపై పుండు లేనంతవరకు తల్లి పాలివ్వవచ్చనీ చెప్పాలి.

7. భర్తలకూ కౌన్సెలింగ్ ఇవ్వాలి. భర్తకు హెర్పిస్ ఉండి భార్యకు లేకపోతే, చివరి మూడు నెలలు కలయికకు దూరంగా ఉండాలని చెప్పాలి. నోటిపొక్కులున్నప్పుడు నోటితో కలయికా ప్రమాదమేనని వివరించాలి.

ఈ జబ్బు భర్త నుంచి వచ్చినా నింద పడేది భార్య మీదే. ఆ భయంతోనే చాలామంది పుళ్లను దాచుకుని లేబర్ రూమ్ దాకా వస్తారు. అడిగే పద్ధతి మారితే, చెప్పే ధైర్యం వస్తుంది. పై అంశాలపై లిఖితపూర్వక ఆదేశాలు జారీ చేసి, అన్ని జిల్లాల్లో అమలయ్యేలా చూడాలని కోరుతున్నాం.

ఇట్లు,
గర్భిణులు, బాలింతలు, క్షేత్రస్థాయి ఆరోగ్య కార్యకర్తలు