కుక్కను పెంచితే గుండెకు మంచిదేనా?

“కుక్కను పెంచుకునేవాళ్ళకు గుండెజబ్బులు రావట, నిజమేనా సార్?” అని తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు నన్నడిగాడు. వాళ్ళ ఇంటికి రెండు నెలల నాటుకుక్కపిల్ల ఒకటి వచ్చి చేరింది. దాన్ని ఎక్కడైనా వదిలేసి రమ్మని నాన్నగారి ఆజ్ఞ. సైన్సు మాష్టారే మంచిదన్నారని చెబితే ఆయన మెత్తబడతారని వాడి ఆశ.

“నిజమే” అని ఒక్క ముక్క అనేస్తే వాడి పని తేలికయ్యేది. కాని సైన్సు పేరు పెట్టి ఒక మాట అనేముందు, దాని వెనక ఉన్న లెక్క చూడాలి గదా! ఆ లెక్కను తరగతిలో అందరిచేతా చేయించాను. మీరూ చేసి చూడండి.

1980లో అమెరికాలో ఎరికా ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఒక పరిశోధనను ప్రకటించారు. గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరి, చికిత్స పొంది ఇంటికి వెళ్ళిన 92 మంది ఏడాది తర్వాత ఎలా ఉన్నారో వాళ్ళు కనుక్కున్నారు. ఆ రోగుల్లో 53 మందికి కుక్కో, మరొకటో పెంపుడు జంతువు ఉంది. మిగిలిన 39 మందికి లేదు. ఏడాదిలో మొదటి వర్గంలో ముగ్గురు చనిపోయారు. రెండో వర్గంలో చనిపోయినవారు 11 మంది. శాతాలు కట్టండి. మొదటిది 6కు కాస్త తక్కువ, రెండోది 28 పైచిలుకు.

తరగతిలో చప్పట్లు మోగాయి. మనవాడి ముఖం వెలిగిపోయింది. అంతలో వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, “బాగా నీరసంగా ఉన్నవాళ్ళు జంతువులను సాకలేరు గదా సార్! ఓపిక ఉన్నవాళ్ళే సాకుతారు. వాళ్ళు బతికింది ఆ ఓపికవల్లనేమో!” అంది.

ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఇటువంటి ప్రశ్న నాకు పట్టుమని పదిసార్లు కూడా ఎదురుకాలేదు. తన కోడి, తన కుంపటి లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ మీకు తెలుసు. రెండు సంగతులు జంటగా కనిపిస్తే చాలు, ఒకటి రెండోదానికి కారణమనుకోవడం మనందరికీ అలవాటే. ఫ్రీడ్‌మన్ బృందం కూడా ఈ అనుమానాన్ని ఊరికే వదిలిపెట్టలేదు. ఎవరి జబ్బు ఎంత తీవ్రమైనదో లెక్కలోకి తీసుకుని చూసినా, జంతువులున్నవారి పక్షానే కొంత మొగ్గు కనిపించింది. అయినా అనుమానం పూర్తిగా తీరదు.

తీరాలంటే ఏం చేయాలి? కుక్కను పెంచాలో వద్దో మనుషుల ఇష్టానికి వదలకుండా, చీటీలు తీసినట్లు పంచాలి. కారెన్ అలెన్ అనే శాస్త్రవేత్త అలాగే చేసింది. 2001లో వెలువడిన ఆమె పరిశోధనలో పాల్గొన్నవారు న్యూయార్కులో షేర్ల వ్యాపారం చేసే 48 మంది. అందరికీ రక్తపోటు ఉంది, అందరికీ ఒకటే మందు ఇచ్చారు. వారిలో సగం మందిచేత, ఎవరన్నది చీటీల పద్ధతిలోనే తేల్చి, కుక్కనో పిల్లినో తెప్పించారు. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వేళల్లో రక్తపోటు రెండు జట్లలోనూ మందువల్ల తగ్గింది. మనసుకు ఒత్తిడి కలిగించే పనులు పెట్టినప్పుడు మాత్రం, జంతువులున్న జట్టులో రక్తపోటు రెండో జట్టులో అంతగా పెరగలేదు. ఇక్కడ “ఓపిక ఉన్నవాళ్ళే తెచ్చుకున్నారు” అనడానికి వీల్లేదు. అయితే 48 మంది అంటే చాలా చిన్న సంఖ్య అని మరిచిపోకండి.

పెద్ద సంఖ్య కావాలంటే స్వీడన్ దేశం వెళ్ళాలి. అక్కడ కుక్కను పెంచేవారు దాని పేరు నమోదు చేయించాలని చట్టం ఉంది. ఆ పుస్తకాలను ఆసుపత్రుల రికార్డులతో కలిపి, 40 నుంచి 80 ఏళ్ళ వయసుగల 34 లక్షల మంది 12 ఏళ్ళ వివరాలు పరిశీలించి 2017లో ప్రకటించారు. ఒంటరిగా జీవించేవారిని పోల్చి చూస్తే, కుక్క ఉన్నవారికి మరణించే ప్రమాదం లేనివారికంటే మూడోవంతు తక్కువ. ఇంటినిండా మనుషులున్నవారిలో తేడా అందులో మూడోవంతే. ఈ రెండో మాటే నాకు ముఖ్యంగా తోచింది. ఒంటరి మనిషికి కుక్క అంటే పలకరించే ప్రాణి, పొద్దున్నే లేపి వీధిలోకి నడిపించే ప్రాణి కూడా.

లోపల ఏం జరుగుతుందో కూడా కొంత తెలిసింది. తల్లి బిడ్డను చూసుకున్నప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ఎక్కువవుతుంది. కుక్క, దాని యజమాని ఒకరి కళ్ళలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకుంటే ఇద్దరిలోనూ అదే హార్మోన్ పెరుగుతుందని 2015లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపించారు. మనుషులు పెంచిన తోడేళ్ళతో చూస్తే ఇది కనబడలేదు.

ఇక నా అభిప్రాయం. కుక్కవల్ల మేలు ఉంది, కాని అది కుక్కను సాకే చాకిరీలో ఉంది. రోజూ నడిపించాలి, వేళకు తిండి పెట్టాలి, దగ్గర కూర్చోబెట్టుకుని నిమరాలి. మన వీధుల్లో చాలాచోట్ల కుక్క గేటు పక్కన బారెడు గొలుసుకు కట్టి ఉంటుంది. దాన్ని ఎవరూ నడిపించరు, దానితో ఎవరూ నడవరు. అటువంటి కుక్క ఉన్న ఇంటాయన గుండెకు ఏం మేలు జరుగుతుంది? పైగా కొందరు మంచుదేశాల జాతి కుక్కలను కొని తెస్తున్నారు. కుక్కకు చెమట గ్రంథులు దాదాపు పాదాల్లోనే ఉంటాయి. నాలుక చాపి రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకోవాలి. దుప్పటంత బొచ్చుతో మన మే నెల ఎండలో అది ఎంతని రొప్పుతుంది? నాటుకుక్క ఈ ఎండలకు పుట్టిన జీవి. డబ్బిచ్చి కొననక్కరలేదు కూడా.

2013లో అమెరికా గుండెజబ్బుల సంఘం కూడా, కుక్కను పెంచడం గుండెకు మేలు చేయవచ్చునంటూనే, కేవలం గుండె కోసమని తెచ్చుకోవద్దని చెప్పింది. నేనూ మా విద్యార్థికి అదే చెప్పి పంపాను.

కొన్ని వారాల తర్వాత వాడి బొటనవేలికి గుడ్డపీలిక కనిపించింది. ఆటలో కుక్కపిల్ల పన్ను దిగిందట. అప్పటికి నాలుగు రోజులైంది. ఇంట్లో తెలిస్తే దాన్ని వదిలేస్తారని వాడి భయం. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడుస్తారని వాళ్ళ నాయనమ్మ ఎప్పుడో చెప్పిన మాట ఇంకొక భయం. ఆ పాత టీకా మనదేశంలో 2005 నాటికే పోయింది. ఇప్పుడు వేసేవి భుజానికి, నాలుగైదుసార్లు మాత్రమే. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. అవి ఎందుకు తప్పవంటే, రేబీస్ లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఈ జబ్బుకు బలయ్యేవారిలో నూటికి 40 మంది 15 ఏళ్ళలోపు పిల్లలు, మీ ఈడువాళ్ళు. పెంపుడు కుక్క అయినా, గాటు చిన్నదైనా, ఆలస్యం జరిగిపోయినా వెళ్ళవలసిందే.

ఆ సాయంత్రమే వాణ్ణి ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. నాన్నగారూ వచ్చారు. నన్ను నాలుగు మాటలంటారని సిద్ధపడ్డాను. ఆయన కొడుకునేగాని నన్నేమీ అనలేదు. కుక్కపిల్లకు మూడో నెల నిండగానే ఆయనే పశువుల ఆసుపత్రికి ఎత్తుకెళ్ళి టీకా వేయించాడు. ఏటేటా వేయించాలని డాక్టరు చెప్పిన తేదీ వాళ్ళ గోడ క్యాలెండరు మీద ఉంది.

మర్నాడు తరగతిని కుళాయి దగ్గరికి తీసుకువెళ్ళాను. కుక్క కరిచిన చోటును సబ్బుతో, ధారగా పారే నీటికింద 15 నిమిషాలు కడగాలని పుస్తకంలో ఉంటుంది, అందరూ పరీక్షలో రాస్తారు. ఒక కుర్రవాడి చేయి ధారకింద పెట్టించి గడియారం చూడమన్నాను. నాలుగు నిమిషాలకే “అయిపోయిందా సార్?” అన్నాడు.