ఆ ఫొటోలో ఇంకో ఇద్దరు

మొన్న ఓ మంగళవారం మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో ప్లేటు పట్టుకుని లైన్లో ఉన్నాను. నాన్న ఫోన్. పనిరోజుల్లో ఆయన పగటిపూట చేయరు. ఇంట్లో ఎవరికైనా బాగోలేదేమోనని గుండె ఝల్లుమంది.

"ఏరా, రెడ్ సిగ్నల్ పడ్డా ఆగకుండ పోయినవంట?"

విషయం ఏంటంటే, నా బండి ఇంకా నాన్న పేరు మీదే ఉంది. బీటెక్ ఫైనలియర్‌లో ఆయనే కొనిచ్చారు. ఆర్సీ నా పేరుకు మార్చుకోవాలని ఏడేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. అందుకే చలానా మెసేజ్ నేరుగా ఖమ్మంలో ఉన్న నాన్న ఫోన్‌కి వెళ్లింది. ఇంకో విషయం, నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఎవరి కొడుకైనా సిగ్నల్ జంప్ చేయొచ్చు గానీ ఆయన కొడుకు చేయకూడదు.

"ఆఫీసుకి లేటైంది నాన్నా..." అన్నాను.

"సరే, చూస్కో" అని పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

చలానా రూ.1,035. వెయ్యి ఫైన్, ముప్పై ఐదు యూజర్ చార్జీలు. బండి నంబరు కొట్టి సైట్ ఓపెన్ చేశాను. పక్కనే ఫొటో లింకు ఉంటుంది కదా, అదీ నొక్కాను. వెనక నుంచి తీసిన ఫొటో. నా హెల్మెట్, నా లాప్‌టాప్ బ్యాగు, నంబర్ ప్లేటు. పైన ఎర్రగా వెలుగుతున్న సిగ్నల్. వాదించడానికేమీ లేదు.

విండో మూసేయబోతూ ఫొటోలో ఎడమవైపు చూశాను. జీబ్రా క్రాసింగ్ మీద ఒకామె. ఆరెంజ్ రంగు చీర. ఆమె చేయి ఒక చిన్న బాబు ఛాతీకి అడ్డంగా ఉంది. బాబు ఒక కాలు ముందుకు వేసి ఉన్నాడు. ఆమె వాడిని వెనక్కి లాగుతోంది.

ఎందుకు లాగుతోందో చెప్పక్కర్లేదు. వాళ్ల ముందు నుంచి వెళ్తున్న బండి నాదే.

నన్ను కుదిపింది ఆ దృశ్యం కంటే ఇంకో సంగతి. ఆ రోజు ఆ ఇద్దరినీ నేను చూడనే లేదు. ఎంత గుర్తు చేసుకున్నా ఆ ఉదయంలో వాళ్లు లేరు. పది గంటల స్టాండప్ కాల్ ఉంది, జేబులో ఫోన్ వైబ్రేట్ అవుతోంది, ఎల్లో పడింది, రేజ్ చేశాను. నాకు గుర్తున్నదంతా ఇదే.

టీమ్‌లో వాళ్లకి చెబితే నవ్వారు. "ఇప్పుడే కట్టకు బ్రో, డిస్కౌంట్ వస్తుంది" అన్నాడొకడు. వాడి మాటా తప్పేం కాదు. తెలంగాణలో 2022లో పెండింగ్ చలానాల మీద టూవీలర్లకు 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించారు. మనలో చాలామందికి చలానా అంటే కరెంటు బిల్లు లాంటిదే. ఆఫర్ వచ్చినప్పుడు కట్టొచ్చులే అనుకుంటాం. నేనూ మొన్నటి దాకా అలాగే అనుకున్నాను. ఈసారి మాత్రం అప్పటికప్పుడు కట్టేశాను. కడితే మనసు తేలికవుతుందనుకున్నా.

కాలేదు. ఫైన్ ప్రభుత్వానికి వెళ్లింది. ఆమెకు ఏం వెళ్లింది?

ఆ వారం సరిగ్గా నిద్రపోలేదు. కళ్లు మూసుకుంటే ఆ బాబు కాలు ఇంకో అడుగు ముందుకు పడేది. రాత్రి రెండింటికి లేచి లెక్కలేశాను, ఇంజినీర్ బుద్ధి కదా. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఎదురుగా మనిషి కనబడ్డాక బ్రేక్ మీద కాలు పడడానికి ఒక సెకను పట్టిందనుకోండి. ఆ ఒక్క సెకనులో బండి ఒక ఆర్టీసీ బస్సు పొడవు కంటే ఎక్కువ దూరం వెళ్లిపోతుంది. అదీ బ్రేక్ పడకముందే. పైగా నేను అసలు చూడనే లేదు. బ్రేక్ వేసే ప్రశ్నే లేదు.

ఆ బాబుకి ఏమీ కాలేదు. అందుకు కారణం నేను కాదు, వాళ్లమ్మ చేయి. ఆమె అర సెకను ఆలస్యం చేసి ఉంటే నేను ఈ కాలమ్ రాస్తూ ఉండేవాడిని కాదు. రెండు సందర్భాల్లోనూ నేను చేసిన పని ఒక్కటే. ఒకదాంట్లో వెయ్యి రూపాయలతో పోయింది, ఇంకోదాంట్లో జైలు. బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు 1976లో దీని గురించే రాశారు. దాన్ని 'మోరల్ లక్' అన్నారు. మన తప్పు ఎంత పెద్దదో చాలాసార్లు మన చేతుల్లో లేని అదృష్టమే తేలుస్తుందని దాని సారాంశం. చట్టం కూడా దీన్ని చిన్న విషయంగా చూడలేదు. మోటారు వాహనాల చట్టంలో 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్ గురించి. 2019 సవరణలో రెడ్ సిగ్నల్ దాటడాన్ని పేరు పెట్టి మరీ అందులో చేర్చారు.

ఇవన్నీ చదివాక ఇంకా దిగాలు పడ్డాను. బండి పార్కింగ్‌లో వదిలేసి వారం రోజులు మెట్రోలో తిరిగాను. "నాలాంటోడికి బండి ఎందుకు" అనుకున్నాను. ఏదో పెద్ద శిక్ష అనుభవిస్తున్నట్టు ఫీలయ్యాను కూడా. నిజం చెప్పాలంటే ఆ ఫీలింగ్‌లో కొంచెం సుఖం ఉంది. నేను బాధపడుతున్నాను కాబట్టి నేను మంచోడినే అని!

గిల్ట్ వేరు, సిగ్గు వేరు అని జూన్ టాంగ్నీ అనే అమెరికన్ సైకాలజిస్ట్ చాలా ఏళ్లు పరిశోధన చేసి చెప్పారు. 'నేను తప్పు పని చేశాను' అనేది గిల్ట్. 'నేనే తప్పుడు మనిషిని' అనేది సిగ్గు. మొదటిది జరిగినదాన్ని సరిదిద్దుకునే వైపు నడిపిస్తుంది. రెండోది మొహం దాచుకునేలా చేస్తుంది. నేను మెట్రోలో దాక్కుంటున్నానని అప్పుడు అర్థమైంది.

మా ఉద్యోగంలో ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే పోస్ట్‌మార్టం రాస్తాం. అందులో 'ఎవరు వెధవ?' అనే ప్రశ్న ఉండదు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం మారుస్తున్నాం, అంతే. అలర్ట్ వస్తే మ్యూట్ చేయడం ఎంత తప్పో, దాన్ని మోగిస్తూనే కూర్చోవడమూ అంతే తప్పు. సరేనని నా మీద నేనే ఒకటి రాసుకున్నాను. ఇంటి నుంచి బయల్దేరేది 9:25కి, పట్టేది 40 నిమిషాలు. అంటే నేను రోజూ గుమ్మం దాటేసరికే ఐదు నిమిషాలు లేటు. ఆ ఐదు నిమిషాలు ఎక్కడో దొంగిలించాలి. సిగ్నళ్ల దగ్గర దొంగిలిస్తున్నాను. ఎల్లో అంటే 'తొందరగా దాటు' అని నాకు ఎవరు నేర్పారో తెలీదు. స్టాప్ లైన్ ఇంకా దాటకపోతే ఆగాలని దానర్థం. జేబులో ఫోన్ మోగుతుంటే సగం బుర్ర దాని మీదే.

నోట్స్‌లో మూడు లైన్లు రాసుకున్నాను. 9:10కి బయల్దేరాలి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో వేయాలి. ఎల్లో అంటే బ్రేక్.

ఆ ఆదివారం ఖమ్మం వెళ్లాను. సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు నాన్నకి ఆ ఫొటో చూపించాను. జూమ్ చేసి ఆ ఇద్దరినీ కూడా. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"నాకూ ఒకసారి ఇట్లనే అయింది" అన్నారు.

నాన్న నోటి నుంచి ఈ మాట నేనెప్పుడూ వినలేదు.

"కండక్టర్ రైట్ అన్నడు. అద్దం చూడకుండ బండి కదిలించిన. ఓ బడి పిల్లగాడు ఇంకా ఫుట్‌బోర్డు మీదే ఉన్నడు. జనం అరిస్తే ఆపిన. పడలే."

"ఏం చేశావ్ నాన్నా?"

"ఏం చేస్త. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలే. తెల్లారి డ్యూటీ ఉంది, పోయిన. ఆనాటి సంది రైట్ అన్నా సరే, అద్దంల ఒకసారి చూసి, మళ్ల ఇంకోసారి చూసి అప్పుడు కదిలించేది."

"ఎన్నాళ్లు?"

"రిటైరయ్యేదాక."

నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. చిన్నప్పుడు సెలవుల్లో నాన్న బస్సులో ఎక్కేవాడిని. ప్రతి స్టాపులో బస్సు కాస్త ఆలస్యంగా కదిలేది. కండక్టర్ అంకుల్ "రైట్ రైట్" అని రెండుసార్లు అరవాల్సి వచ్చేది. నాన్న నెమ్మది మనిషి అనుకునేవాడిని. ఆ రెండు సెకన్లు ఎవరో బడి పిల్లాడివని ఇప్పుడు తెలిసింది.

ఆ పిల్లాడికి నాన్న సారీ చెప్పలేదు. వాడెవరో కూడా ఆయనకు తెలీదు. కానీ వాడి తర్వాత ఆ బస్సు దిగిన ప్రతి ఒక్కరికీ ఆ రెండు సెకన్లు అందాయి. ఆరెంజ్ చీరామెకి నేనూ సారీ చెప్పలేను. ఆ సిగ్నల్ దగ్గర నిలబడి వెతికినా దొరకదు. దొరికితే ఆమె మాత్రం ఏమంటుంది? నేను ఇవ్వగలిగింది ఆ తర్వాత రోడ్డు దాటేవాళ్లకే.

సోమవారం బండి తీశాను. అదే సిగ్నల్. ఎల్లో పడగానే ఆగాను. వెనక కారు హారన్ మీద హారన్. చెవులు వేడెక్కాయి గానీ కదల్లేదు. జీబ్రా మీద ఎవరూ లేరు. ఖాళీగా ఉన్నా రెడ్ పోయేదాకా చూస్తూ ఉన్నాను. ఇప్పుడు రాత్రిళ్లు నిద్ర పడుతోంది. ఆ ఫొటో మాత్రం డిలీట్ చేయలేదు.

మీ పేరు మీదా ఏదైనా చలానా పెండింగ్‌లో ఉంటే, కట్టేముందు ఒకసారి ఆ ఫొటో ఓపెన్ చేయండి. మీ బండి నంబరు ఒక్కటే కాదు, చుట్టూ ఎవరున్నారో కూడా చూడండి.

ఇకపోతే ఆర్సీ సంగతి. నా పేరుకు మార్చుకునే ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాను. మెసేజ్ నాన్నకే వెళ్లనీ.