అబద్ధాలకోరు చెప్పిన నిజం

స్టీవెన్ సోడర్‌బర్గ్ 2009లో తీసిన 'ది ఇన్ఫార్మెంట్!' సినిమా గురించి ఎవరితో మాట్లాడినా రెండే అభిప్రాయాలు వినిపిస్తాయి. "వాడొక పచ్చి అబద్ధాలకోరు, వాణ్ణి నమ్మి ఎఫ్‌బీఐ ఎలా బోల్తా పడిందో చూడండి" అని నవ్వేవాళ్ళు కొందరు. "పాపం, నిజం బయటపెట్టినవాణ్ణే జైల్లో పెట్టారు" అని జాలిపడేవాళ్ళు కొందరు. నా దృష్టిలో ఇద్దరూ చేస్తున్న పొరపాటు ఒకటే. ఇద్దరూ మనిషినే చూస్తున్నారు. అతను చెప్పిన సంగతి ఏమిటి, దానికి రుజువేమిటి అన్నది ఇద్దరికీ పట్టలేదు.

సినిమా చూడనివాళ్ళ కోసం కథ టూకీగా చెబుతాను. ఇది నిజంగా జరిగిన కథ. న్యూయార్క్ టైమ్స్ విలేఖరి కర్ట్ ఐకెన్‌వాల్డ్ 2000లో రాసిన పుస్తకం దీనికి ఆధారం. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని డెకేటర్ అనే ఊళ్ళో ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లండ్ అనే పెద్ద కంపెనీ ఉండేది. పొట్టిగా ఏడీఎం అంటారు. మొక్కజొన్న, సోయా నుంచి రకరకాల పదార్థాలు తయారుచేసి అమ్మడం దాని వ్యాపారం. అందులో లైసిన్ ఒకటి. కోళ్ళ దాణాలో, పందుల దాణాలో కలిపే అమైనో ఆమ్లం ఇది. మన కోళ్ళఫారాల వాళ్ళకీ తెలిసిన సరుకే. ఆ విభాగానికి అధిపతి మార్క్ విటేకర్, కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసిన జీవరసాయన శాస్త్రవేత్త. ఆ పాత్రను మాట్ డేమన్ వేశాడు.

1992లో లైసిన్ ఉత్పత్తి సరిగ్గా సాగక విటేకర్ మీద ఒత్తిడి పెరిగింది. అప్పుడతను పైవాళ్ళకి ఒక కథ చెప్పాడు. పోటీ జపాన్ కంపెనీ మనిషి ఒకడు ఫోన్ చేశాడనీ, ఫ్యాక్టరీలో వాళ్ళ మనిషే లోపల ఉండి ఉత్పత్తిని పాడుచేస్తున్నాడనీ, కోటి డాలర్లిస్తే అంతా ఆపేస్తానంటున్నాడనీ చెప్పాడు. ఇది అబద్ధం. కంపెనీ పెద్దలు దీన్ని నమ్మి ఎఫ్‌బీఐని పిలిచారు. ఎఫ్‌బీఐ ఇంటిదాకా వచ్చాక, భార్య జింజర్ పట్టుబట్టడంతో, ఆ ఏడాది నవంబరులో బ్రయన్ షెపర్డ్ అనే అధికారికి విటేకర్ ఇంకో సంగతి చెప్పాడు. లైసిన్ ధరలను తన కంపెనీ, జపాన్, కొరియా కంపెనీలు కూడబలుక్కుని నిర్ణయిస్తున్నాయని. ఇది నిజం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఎఫ్‌బీఐని గుమ్మం దాకా తీసుకొచ్చింది అబద్ధం. దాని వెనకాలే వచ్చింది నిజం. రెండూ చెప్పిన నోరు ఒక్కటే. "మనిషి మంచివాడైతే నమ్ముదాం, చెడ్డవాడైతే వదిలేద్దాం" అనే కొలబద్ద ఇక్కడ ఎందుకు పనికొస్తుంది?

ఎఫ్‌బీఐ చేసిన మంచిపని ఏమిటంటే, అతని మాట మీద కేసు కట్టలేదు. రుజువు తెమ్మంది. విటేకర్ రెండున్నరేళ్ళకు పైగా ఒంటికి రికార్డరు కట్టుకుని తిరిగాడు. హోటల్ గదుల్లో దీపస్తంభంలో కెమెరా దాచి సమావేశాలను వీడియో తీశారు. హవాయిలో 1994 మార్చిలో జరిగిన సమావేశంలో ఎవరు ఎన్ని టన్నులు అమ్మాలో పంచుకోవడం ఆ వీడియోల్లో ఉంది. పైకి అది వర్తక సంఘం సమావేశం. లోపల జరిగింది కొనుగోలుదారుడి జేబుకి కన్నం వెయ్యడం. పోటీదారులు మన స్నేహితులు, కొనేవాళ్ళే మన శత్రువులు అనే అర్థం వచ్చే మాటలు ఆ కంపెనీ పెద్దల నోటివెంటే వచ్చాయి. దీన్ని నమ్మడానికి మనం విటేకర్‌ని నమ్మనక్కర్లేదు. టేపు వింటే చాలు.

1995 జూన్ 27న ఎఫ్‌బీఐ కంపెనీ మీద దాడి చేసింది. ఆ తర్వాత కథ అడ్డం తిరిగింది. ఎఫ్‌బీఐ తరఫున పనిచేస్తున్న ఆ రోజుల్లోనే విటేకర్ దొంగ బిల్లులు, డొల్ల కంపెనీలు, విదేశీ ఖాతాల ద్వారా సొంత కంపెనీ డబ్బు కాజేశాడని బయటపడింది. లెక్క తేలేసరికి మొత్తం 90 లక్షల డాలర్లు. పట్టుబడ్డాక ఇంకా అబద్ధాలాడాడు. డాక్టరు రాసినట్టు దొంగ ఉత్తరం సృష్టించాడు. షెపర్డ్ తనని కొట్టాడన్నాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే ఎవరో పెంచుకున్నారని ఎప్పటినుంచో చెప్పుకు తిరిగాడు, అదీ అబద్ధమే. అతనికి బైపోలార్ అనే మానసిక వ్యాధి ఉందని వైద్యులు తేల్చారు.

ఇంత జరిగినా కంపెనీ మీద కేసు కూలిపోలేదు. 1996లో ఏడీఎం నేరం ఒప్పుకుని 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. ధరల కుమ్మక్కు నేరాలకు అమెరికాలో అప్పటిదాకా అంత జరిమానా లేదు. 1998లో షికాగో కోర్టులో ఆ కంపెనీ పెద్దలు మైకేల్ ఆండ్రియస్, టెరెన్స్ విల్సన్ దోషులని జ్యూరీ తేల్చింది. విటేకర్‌కి మోసం కేసులో తొమ్మిదేళ్ళ శిక్ష పడింది. ఎనిమిదిన్నరేళ్ళు జైల్లో ఉండి 2006 డిసెంబరులో బయటికొచ్చాడు. కుమ్మక్కు నడిపిన ఇద్దరికీ మొదట పడింది రెండేళ్ళు. అప్పీలు కోర్టు పెంచినా మూడేళ్ళు దాటలేదు. ఈ శిక్షల నిష్పత్తి న్యాయమేనా అని అడగొచ్చు. నాకూ కాదనే అనిపిస్తుంది. ఆ కేసులో పనిచేసిన ఎఫ్‌బీఐ అధికారులే కొందరు తర్వాత అతని క్షమాభిక్షకు మద్దతు పలికారు. కానీ అతని దొంగతనం నేరం కాకుండా పోదు. అలాగే అతని దొంగతనం వల్ల కుమ్మక్కు అబద్ధమూ అయిపోదు.

సినిమాలో నాకు బాగా నచ్చిన తమాషా ఒకటుంది. కథంతా విటేకర్ మనసులోని మాటలు మనకి వినిపిస్తూ ఉంటాయి. ధ్రువపు ఎలుగుబంట్లు, మొక్కజొన్న, నెక్‌టైలు, ఏవేవో. ఒక మనిషి మనసులో మాట వింటున్నాం కాబట్టి మనకన్నీ తెలుస్తున్నాయనుకుంటాం. చివరికి చూస్తే, అతను ఏళ్ళతరబడి చేస్తున్న దొంగతనం గురించి ఆ మనసు ఒక్క ముక్క మనకి చెప్పలేదు. ఎఫ్‌బీఐ ఎలా మోసపోయిందో మనమూ అలాగే మోసపోయాం. టేపుల మీద కలిగిన నమ్మకాన్ని మెల్లగా మనిషి మీదికి మళ్ళించుకున్నాం. ఒక విషయంలో నిజం చెప్పాడు గనక అన్నిట్లోనూ చెబుతాడనుకున్నాం.

నచ్చనిది కూడా చెప్పాలి. మార్విన్ హామ్లిష్ హుషారైన సంగీతం మధ్య, విటేకర్ వేషాల మధ్య, అసలు నేరం తెర వెనక్కి పోయింది. దాణా కొన్న రైతు, మాంసం కొన్న గృహస్థు ఎక్కడా కనిపించరు. హాల్లోంచి బయటికొచ్చేటప్పుడు ప్రేక్షకుడి మనసులో మిగిలేది విటేకర్. ఏడీఎం లాయర్లు కోరుకున్నదీ అదే కదా!

దీని పక్కన 1999లో మైకేల్ మాన్ తీసిన 'ది ఇన్‌సైడర్' పెట్టి చూడండి. సిగరెట్ కంపెనీ గుట్టు బయటపెట్టిన జెఫ్రీ వైగాండ్ కథ అది. అతను నమ్మదగ్గవాడు కాదని నిరూపించడానికి కంపెనీ వందల పేజీల చిట్టా తయారు చేయించింది. వాల్ స్ట్రీట్ జర్నల్ 1996లో విచారించి చాలా ఆరోపణలకు ఆధారాల్లేవని రాసింది. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు, హీరో మంచివాడే అని. బాగానే ఉంది. కానీ ఆ చిట్టాలో ప్రతి అక్షరం నిజమే అనుకోండి. సిగరెట్‌లో నికోటిన్ తగ్గుతుందా? 'ది ఇన్‌సైడర్' మనని ఈ ప్రశ్న నుంచి తప్పించింది. 'ది ఇన్ఫార్మెంట్!' తప్పించలేదు. అందుకే నాకు రెండోదే విలువైనదిగా కనిపిస్తుంది.

'నాన్నా పులి' కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. అబద్ధాలాడకూడదు అని నీతి చెబుతారు. పిల్లాడికి ఆ నీతి సరిపోతుంది. మరి పెద్దవాళ్ళకి? మూడోసారి పులి నిజంగానే వచ్చింది. పెద్దవాళ్ళు పిల్లాడి చరిత్ర గుర్తుచేసుకుని కూర్చున్నారు, లేచి నాలుగడుగులు వేసి చూడలేదు. పులి ఉందా లేదా అనే ప్రశ్నకి జవాబు అడవి అంచున ఉంది, పిల్లాడి స్వభావంలో లేదు. ఆ కథలో పెద్దవాళ్ళ తప్పుకి మాత్రం మనం ఏ నీతీ రాసుకోలేదు.

"అయితే అబద్ధాలకోరు అరిచిన ప్రతిసారీ పరిగెత్తాలా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. చెప్పినవాడి చరిత్ర బొత్తిగా అక్కర్లేనిదని నేననడం లేదు. అది తేల్చేది ఎంత రుజువు అడగాలి అన్నదాన్ని. అసలు చూడాలా వద్దా అన్నదాన్ని కాదు. ఈ తేడా మన చట్టానికి 150 ఏళ్ళ క్రితమే తెలుసు. 1872 నాటి భారత సాక్ష్య చట్టం నేరంలో పాలుపంచుకున్నవాడి సాక్ష్యాన్ని తోసెయ్యలేదు. వేరే ఆధారం తోడులేకపోతే అతన్ని నమ్మదగ్గవాడుగా భావించనక్కర్లేదనీ చెప్పింది. మనం అప్రూవర్ అని పిలిచేది ఇలాంటివాణ్ణే. 2024 జూలై నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా తోటి నేరస్తుడి సాక్ష్యానికి చోటు పోలేదు. కుమ్మక్కు కేసుల్లో మొదట వచ్చి గుట్టు విప్పిన కంపెనీకి జరిమానా తగ్గించే ఏర్పాటు మన కాంపిటీషన్ చట్టంలోనూ ఉంది. దొంగల సంగతి దొంగలకే తెలుస్తుంది మరి.

పాత తర్కం భాషలో చెప్పాలంటే ఇది ఆప్తవాక్యం గొడవ. నమ్మదగ్గవాడి మాటను న్యాయదర్శనం ప్రమాణంగా ఒప్పుకుంది. చార్వాకులు ఒప్పుకోలేదు. ఆప్తుడి మాటే ప్రమాణమైతే వచ్చే నష్టం ఏమిటో తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఈ సినిమా వచ్చిన 2009లోనే, జనవరి 7న, సత్యం రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు లేనే లేవని అందులో ఉంది. అంతకు కొద్ది నెలల ముందే ఆ కంపెనీకి ఉత్తమ పాలనకు బంగారు నెమలి అవార్డు ఇచ్చారు. పేరున్న ఆడిటర్లు బ్యాంకుల నుంచి నేరుగా నిర్ధారణ తెచ్చుకోకుండా కంపెనీ చేతికిచ్చిన కాగితాలు నమ్మారు. ఎందుకు? పెద్దమనిషి కాబట్టి. చెడ్డవాడని చూడకపోవడం, మంచివాడని చూడకపోవడం, రెండూ చూడకపోవడమే. చివరికి ఆ ఒప్పుకోలు ఉత్తరాన్ని కూడా తనిఖీ చెయ్యాల్సి వచ్చింది. సొంతానికి లాభపడలేదని రాజు రాశారు. 2014లో సెబీ అది ఒప్పుకోలేదు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఆయనకి ఏడేళ్ళ శిక్ష వేసింది.

ఇంత చూశాక మన దేశంలో విజిల్ బ్లోయర్ల కోసం చేసిన చట్టం ఎలా ఉంది? 2014లో పార్లమెంటు ఆమోదించిన చట్టం ప్రకారం ఫిర్యాదు చేసినవాడు ఎవరో చెప్పకపోతే, చెప్పిన పేరు తప్పని తేలితే, ఆ ఫిర్యాదు మీద చర్య తీసుకోకూడదు. అంటే ఫిర్యాదులో ఏముందో చదవకముందే "నువ్వెవరు?" అని అడగడం. ప్రైవేటు కంపెనీల్లో అక్రమాలు దాని పరిధిలోకే రావు. పైగా ఆమోదం పొందాక కూడా ఏళ్ళతరబడి దాన్ని అమల్లో పెట్టలేదు. స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అవినీతి గురించి ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే తన పేరు గుప్తంగా ఉంచమని కోరాడు. ఆ పేరు దఫ్తరాల్లో చేతులు మారింది. 2003 నవంబరు 27న గయలో అతన్ని కాల్చి చంపారు. అది దోపిడీ కోసం జరిగిన హత్య అని సీబీఐ తేల్చింది. అది అలాగే ఉండనివ్వండి. పేరు దాచమన్నవాడి పేరు దాచలేకపోయిన సంగతి మాత్రం మిగిలే ఉంది. అలాంటి చోట పేరు చెప్పడానికి భయపడేవాణ్ణి పిరికివాడనీ, వాడి మాట చెల్లదనీ అనడం ఏం న్యాయం?

పేరులేని ఉత్తరంలో ఖాతా నంబరు, తేదీ, బిల్లు ఉంటే వాటిని బ్యాంకులో సరిచూడొచ్చు. పేరున్న పెద్దమనిషి ఉత్తరంలో అవేమీ లేకపోతే సరిచూడటానికి ఏమీ ఉండదు. ఆఫీసులో గానీ, ఊళ్ళో గానీ, ఎవరైనా "ఇక్కడ దొంగతనం జరుగుతోంది" అన్నప్పుడు మొదట వినిపించే మాట "వాడి సంగతి మనకి తెలీదా?" అనేదే. వాడి సంగతి తర్వాత తేల్చుకోవచ్చు. నేరం చేసుంటే విటేకర్‌లాగే వాడూ జైలుకి పోతాడు. ముందు లెక్కల పుస్తకం తెరిచి చూడండి.