తప్పనిసరి సాఫ్ట్‌వేర్‌కు గోప్యత ఏల?

సూరత్ నగరం మరమగ్గాలకు, వజ్రాల సానకు పేరెన్నికగన్నది. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి, తెలంగాణలోని పద్మశాలీ కుటుంబాల నుంచి బతుకుతెరువు కోసం వలస వెళ్లిన శ్రామికుల కష్టం మీదనే అక్కడి వస్త్ర పరిశ్రమ ఆధారపడి ఉంది. 2020 మార్చి 24న ప్రధాని లాక్‌డౌన్ ప్రకటించడంతో మగ్గాలు ఆగిపోయాయి, కూలి నిలిచిపోయింది. తమను స్వస్థలాలకు పంపించాలంటూ ఏప్రిల్‌లో సూరత్ శ్రామికులు వీధులకెక్కిన సంగతి విదితమే.

మే నెలలో ఆంక్షల సడలింపుతోపాటే ఒక కొత్త షరతు వచ్చింది. పనిచేసే ఉద్యోగులందరూ ఆరోగ్యసేతు యాప్‌ను వాడితీరాలని మే 1న కేంద్ర హోం శాఖ ఆదేశించింది. మే 12న ప్రయాణికుల రైళ్లను పరిమితంగా పునఃప్రారంభించినప్పుడు, రైలెక్కే ముందు ఆ యాప్ ఫోనులో ఉండటం తప్పనిసరి అని రైల్వే శాఖ ప్రకటించింది. అంటే పనికి వెళ్లాలన్నా, ఊరికి వెళ్లాలన్నా ఒక సాఫ్ట్‌వేర్ అనుమతి కావలసి వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ లోపల ఏమున్నదో పౌరుడికి తెలియదు. తెలిసినవారి చేత పరీక్షింపజేసుకునే మార్గం కూడా ఆనాడు లేదు.

అభ్యంతరాలు వెల్లువెత్తిన అనంతరం, హోం శాఖ మే 17న తన ఆదేశాన్ని సడలించింది. మే 26న ఆండ్రాయిడ్ ఫోన్లలో వాడే యాప్ సోర్స్ కోడ్‌ను, అంటే యంత్రం నడవడికను నిర్దేశించే మూల రచనను, ప్రభుత్వం బహిర్గతం చేసింది. అప్పటికి ఆ యాప్‌ను 11 కోట్ల మందికి పైగా వాడుతున్నారు. లోపాలు కనిపెట్టి చెప్పినవారికి లక్ష రూపాయల వరకు బహుమతి కూడా ప్రకటించింది. ఈ చర్య హర్షణీయమే. అయితే ఆనాడు తెరిచింది సగం తలుపు మాత్రమేనని చెప్పక తప్పదు.

ఫోనులోని యాప్ చుట్టుపక్కల ఫోన్ల ఆనవాళ్లను సేకరించేది. దాని యజమానికి వ్యాధి సోకినట్లు తేలితే ఆ వివరాలు ప్రభుత్వ సర్వర్‌కు చేరేవి. ఎవరెవరు ఆ వ్యక్తికి దగ్గరగా మెలిగారు, ఎవరికి ఎంత ప్రమాదం అన్న లెక్క అక్కడే జరిగేది. ఆ సర్వర్ కోడ్ నవంబరు వరకు బయటకు రాలేదు. ఈలోగా ఈ యాప్‌ను ఎవరు తయారు చేశారన్న సమాచార హక్కు దరఖాస్తుకు సరైన సమాధానం ఇవ్వలేదంటూ కేంద్ర సమాచార కమిషన్ అక్టోబరులో అధికారులకు తాఖీదులు జారీ చేయవలసి వచ్చింది. పద్దు పుస్తకం అట్ట చూపించి, లోపలి పుటలను ఆరు నెలల తర్వాత చూపుతామంటే ఏ గుమాస్తా లెక్కనైనా ఎవరు నమ్ముతారు?

కోడ్‌ను బయటపెడితే దొంగలకు తాళంచెవి ఇచ్చినట్లేనన్న వాదన ఒకటి ఉంది. అది పూర్తిగా నిరాధారమని కొట్టిపారేయనక్కరలేదు. లోపమున్న కోడ్‌ను చదివి దాన్ని దుర్వినియోగం చేసేవారు ఉండవచ్చు. అయితే కోడ్ వేరు, ప్రజల వివరాలు వేరు, వాటిని కాపాడే రహస్య సంకేతాలు వేరు. మొదటిదాన్ని తెరవడానికి మిగిలిన రెండింటినీ తెరవనక్కరలేదు. జర్మనీ ప్రభుత్వం 2020 జూన్ 16న ఇటువంటి యాప్‌నే విడుదల చేసింది. ఫోను కోడ్‌తోపాటు సర్వర్ కోడ్‌ను కూడా అంతకు ముందే నిపుణుల పరిశీలనకు పెట్టింది. లోపాలను ప్రజల మీద ప్రయోగించి తెలుసుకోవడం కంటే, ప్రజలకు ఇవ్వకముందే పదిమంది చేత చదివించి దిద్దుకోవడం మేలు కదా!

ఇతరుల సర్వర్లలో నడిచే సాఫ్ట్‌వేర్‌తో ఉన్న చిక్కు ప్రపంచానికి కొత్తది కాదు. సాఫ్ట్‌వేర్ ప్రతిని చేతికిచ్చినప్పుడే కోడ్ కూడా ఇవ్వాలని కొన్ని స్వేచ్ఛా లైసెన్సులు చెబుతాయి. సర్వర్‌లో ఉన్నదాన్ని ఎవరి చేతికీ ఇవ్వరు కనుక ఆ నిబంధన వర్తించదు. ఈ లొసుగును పూడ్చేందుకే, నెట్‌వర్క్ ద్వారా వాడుకునేవారికి సైతం కోడ్ అందించాలనే అఫెరో లైసెన్సు మూడవ రూపం 2007లో వచ్చింది. మన దేశంలోనూ విధానాల లోటు లేదు. ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలన్న విధానాన్ని, ప్రభుత్వ అప్లికేషన్ల కోడ్‌ను తెరవాలన్న మరో విధానాన్ని కేంద్రం 2015లోనే ప్రకటించింది. కోవిన్ వేదికను అన్ని దేశాలకూ ఓపెన్ సోర్స్‌గా అందిస్తామని ప్రధాని 2021 జూలై 5న వాగ్దానం చేశారు. పరదేశాలకు ఇవ్వజూపిన ఔదార్యం స్వదేశీ పౌరుడికి హక్కుగా దక్కాలి.

ఆరోగ్యసేతు కథ గతించినది. సమస్య మాత్రం గతించలేదు. 2021 ఆగస్టులో ప్రారంభమైన ఈ-శ్రమ్ వేదికలో 30 కోట్లకు పైగా అసంఘటిత కార్మికులు నమోదయ్యారు. కూలి, రేషన్, బీమా, పింఛన్ అన్నీ నానాటికీ ఏదో ఒక సర్వర్ తీర్పు మీద ఆధారపడుతున్నాయి. జాబితాలో పేరెందుకు లేదని సూరత్ మగ్గం కార్మికుడు అడిగితే, కంప్యూటర్ ఒప్పుకోవడం లేదన్న జవాబు న్యాయం అనిపించుకోదు. ఆ కార్మికుడు స్వయంగా కోడ్ చదవలేకపోవచ్చు. అతని తరఫున కార్మిక సంఘమో, న్యాయవాదో, ఇంజనీరింగ్ విద్యార్థో చదవగలగాలి. శాసనాన్ని ప్రజలందరూ చదవరు. అంతమాత్రాన గెజిట్‌లో ప్రచురించడం మానేస్తామా?

కనుక ప్రభుత్వం మూడు నియమాలు పాటించడం సమంజసం. ఏ వేదికనైనా ప్రజలకు తప్పనిసరి చేసిన నాడే దాని కోడ్‌ను, సర్వర్ భాగంతో సహా, ప్రకటించాలి. ప్రకటించిన కోడే సర్వర్‌లో నడుస్తున్నదని స్వతంత్ర తనిఖీ ద్వారా ధ్రువీకరించాలి. మార్పు చేసినప్పుడల్లా ఆ మార్పును సైతం వెల్లడించాలి. ఇవి పాటించలేని వేదికను ప్రజల మీద రుద్దే అధికారం ఏ శాఖకూ ఉండరాదు.