ఆ ఎరుపు ఎవరిది?

ఆదివారం మధ్యాహ్నం 3 గంటలు. చార్మినార్ నీడలో నిలబడి ‘ఎరుపు’ ఎక్కడుందా అని వెతుకుతున్నాం. నవ్వకండి! పాతబస్తీలో ఎరుపు కోసం వెతకడమేంటి, ఎటు చూసినా అదేగా అని నేనూ అనుకున్నాను. లాడ్‌బజార్ నిండా గాజులు, బండి మీద కోసిపెట్టిన పుచ్చకాయ ముక్కలు, దుకాణం ముందు వేలాడే పెళ్లి దుపట్టాలు... అయిదు నిమిషాల్లో అయిపోయే పనే అనిపించింది. గంటన్నర తిరిగాక గానీ అసలు సంగతి తెలియలేదు. ఎరుపు దొరకడం వేరు, ఎరుపు ఫొటో దొరకడం వేరు!

మేమంటే ఓ పదిహేను మంది. సాఫ్ట్‌వేర్ కుర్రాడు, బ్యాంకులో రిటైరైన పెద్దాయన, డిగ్రీ చదివే అబ్బాయిలిద్దరు, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చిన గృహిణి... ఇలా రకరకాల వాళ్లం. ఫొటోగ్రఫీ ఎవరికీ అన్నంపెట్టే వృత్తి కాదు, ఆదివారం నిద్ర చెడగొట్టే వ్యసనం, అంతే. హైదరాబాద్‌కి ఈ సరదా కొత్తేమీ కాదు. ‘హైదరాబాద్ వీకెండ్ షూట్స్’ లాంటి బృందాలు 2000ల దశకంలోనే కెమెరాలు భుజాన వేసుకుని ఈ గల్లీల్లో తిరగడం మొదలెట్టాయి. 2015లో మొదలైన ‘ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్’కి వేదికైందీ మన నగరమే. నేను వెళ్లింది అంత పేరున్న బృందం కాదు. దానికి బోర్డూ లేదు, సభ్యత్వ రుసుమూ లేదు. ఉన్నవల్లా మూడు నియమాలు. నెలకో రంగు ఎంచుకోవాలి. సాయంత్రం ఇరానీ హోటల్లో చాయ్ ముందు ఒక్కొక్కరు ఒకే ఒక్క ఫొటో చూపించాలి. చర్చ జరుగుతున్నంతసేపూ ఆ ఫొటో తీసినవాళ్లు నోరెత్తకూడదు.

ఆ మూడో నియమం ఎంత కష్టమో కూర్చుంటే గానీ అర్థం కాదు!

చాయ్ ముందు తీర్పు

మొదట సాఫ్ట్‌వేర్ కుర్రాడి వంతు. పుచ్చకాయ బండి. కళ్లు చెదిరే ఎరుపు. ‘మొదట కన్ను ఎక్కడికి వెళ్లింది?’ ఈ బృందం వేసే తొలి ప్రశ్న ఇదే. బాగుందా, బాగాలేదా అన్నది తర్వాత. అందరూ ఒకే మాట... వెనకాల ఉన్న నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము మీదికి! థీమ్ ఎరుపు, ఫొటో అంతా ఎరుపు, చూపు మాత్రం నీలం మీద. ఎరుపు నిండా ఉన్నచోట ఎరుపు కాని దానిదే రాజ్యమట. ఒక అడుగు కుడిపక్కకు జరిగి ఉంటే డ్రమ్ము బండి వెనక్కి పోయేదని ఎవరో అన్నారు. కుర్రాడు తల గోక్కున్నాడు.

తర్వాత గృహిణి ఫొటో. పత్తర్‌గట్టీ దగ్గర దర్జీ దుకాణం. చట్రం నిండా బుర్ఖా కుట్టే నల్లని గుడ్డ. దాని మీద ఓ మూలన ఎర్రదారం ఉండ, అందులోంచి సాగి దర్జీ వేళ్ల మధ్యకు వెళ్తున్న సన్నటి ఎర్రటి పోగు. ఎరుపు పదో వంతు కూడా లేదు. అయినా కన్ను ఆ పోగు వెంటే నడిచింది. హోటల్లో ఓ క్షణం చెంచాల చప్పుడు కూడా ఆగింది. కూరకి ఉప్పెంతో ఫొటోకి రంగు అంత అన్నారు పెద్దాయన.

ఇక నా వంతు. లాడ్‌బజార్ వెనక సందులో ఓ చిన్న గదిలో లక్క గాజులు చేసే ఓ చాచా దగ్గర తీసిన ఫొటో. చట్రం అంచు నుంచి అంచు దాకా ఎర్రగాజులే. ఫోన్లోనే కాస్త మెరుగులు దిద్ది, రంగు ఇంకొంచెం చిక్కబరిచాను. చప్పట్లు ఖాయం అనుకున్నాను. పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని, ‘అమ్మా, ఈ ఎరుపు గాజులదా, నీ ఫోనుదా?’ అన్నారు. గృహిణి మరో మాట కలిపింది. ‘ఇన్ని గాజులున్నాయి, ఒక్క చెయ్యీ లేదేం?’

నోరెత్తకూడదు కదా! చాయ్ చల్లారిపోయింది.

గాజు పలక మీద నల్లని ఎరుపు

నా మొహం చూసి జాలేసిందేమో, పెద్దాయన పాత కథ ఒకటి ఎత్తుకున్నారు. రాజా దీన్‌దయాళ్ కథ. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా ఆయన పేరు మనకు తెలుసు. 1894లో నిజాం ‘ముసవ్విర్ జంగ్’ బిరుదిచ్చిన సంగతీ తెలుసు. కానీ ఆయనా మనలాంటి వాడే! 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగంలో చేరారు. 1874 ప్రాంతంలో కెమెరా పట్టింది సరదాకే. ఆ సరదా ఆయన్ని హైదరాబాద్ దాకా లాక్కొచ్చింది. నాటి హైదరాబాద్ ఎలా ఉండేదో మనకిప్పుడు కనిపిస్తోందంటే అందులో పెద్ద వాటా ఆయన గాజు పలకలదే.

అయితే ఆ పలకలకు ఓ లోపం ఉండేది. అవి ముఖ్యంగా నీలికాంతికే స్పందించేవి. ఎరుపు వాటికి దాదాపు కనిపించేదే కాదు. డార్క్‌రూమ్‌లో ఎర్రదీపం పెట్టుకుని పనిచేయగలిగింది అందుకే మరి. అంటే ఆ రోజుల్లో లాడ్‌బజార్‌కి వచ్చి ఎర్రగాజుల్ని ఫొటో తీస్తే నల్లగా పడేవన్నమాట! మామూలు జనం వాడుకోగల తొలి రంగుల పలకను ఫ్రాన్స్‌లో లూమియేర్ సోదరులు 1907లో అమ్మకానికి తెచ్చారు. బంగాళదుంప పిండి రేణువులకు రంగులద్ది తయారు చేసిన పలక అది. దీన్‌దయాళ్ అప్పటికి రెండేళ్ల క్రితమే, 1905లో కన్నుమూశారు.

సరే, ఇప్పుడు మన జేబులో ఉన్న ఫోన్‌కి రంగులన్నీ కనిపిస్తాయి కదా? కనిపిస్తాయి... ఓ పద్ధతిలో. కెమెరా సెన్సర్ మీద చదరంగం బల్లలా సన్నటి గళ్లుంటాయి. ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చకి, ఒకటి ఎరుపుకి, ఒకటి నీలానికి. 1976లో కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ పేరిట పేటెంట్ అయిన ఏర్పాటిది. చిక్కటి ఎరుపు మీద వెలుగు పడితే ఎరుపు గడి మిగతావాటికంటే ముందే నిండిపోతుంది. చెంబు నిండాక ఎంత పోసినా పొర్లిపోవడమే కదా! గాజు మీద గీత, రాయి మెరుపు, లక్క నునుపు... తేడాలన్నీ కొట్టుకుపోయి ఎర్రటి ముద్ద మిగులుతుంది. దానికి తోడు నేను రంగు మరింత పెంచాను. అంటే నిండిన చెంబులో ఇంకో బిందె పోశాను!

‘ఏ మేరా లాల్ నై’

ఫొటో తీసేటప్పుడు ప్రింటు తెచ్చిస్తానని చాచాకి మాటిచ్చాను. ఇలాంటి మాటలు మేం చాలామందికి ఇస్తాం, చాలాసార్లు మర్చిపోతాం. ఈసారి మాత్రం తర్వాతి ఆదివారం ప్రింటు పట్టుకుని వెళ్లాను. నిజం చెప్పొద్దూ, ఆయనైనా మెచ్చుకుంటారన్న ఆశ!

చాచా కుంపటి ముందు కూర్చుని ఉన్నారు. లక్కని బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, సన్నటి పోగులా సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే అద్దాలూ రాళ్లూ ఒక్కొక్కటే అద్దుతున్నారు. కాస్త ఆలస్యమైతే రాయి అంటదు. తొందరపడితే వేలు కాలుతుంది. ప్రింటు అందుకుని చేయి చాపి దూరంగా పెట్టి చూశారు. ‘ఫొటో అచ్ఛీ హై బేటీ. లేకిన్... ఏ మేరా లాల్ నై హై’ అన్నారు. బాగుంది గానీ ఇది నా ఎరుపు కాదట!

ఒక గాజు తీసి కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూపించారు. నా ఫొటోలో ఉన్నది సైన్‌బోర్డు ఎరుపు. ఆయన చేతిలో ఉన్నది లోపల కాస్త గోధుమ ఛాయ దాగిన, పండిన గోరింటాకు లాంటి ఎరుపు. తర్వాత అదే గాజుని బల్బు కిందకి తెచ్చారు. ఇంకో రంగు! ‘పగలు ఒకటి, రాత్రి ఒకటి. అందుకే పెళ్లివాళ్లు వస్తే చీర తెమ్మంటాను, ఫొటో వద్దంటాను’ అన్నారు.

ఇదంతా ఆయనకు ముచ్చట కాదు, బతుకు. ఈమధ్య చాలామంది చీర ఫొటో ఫోన్లో పంపి ‘దీనికి జోడీ గాజులు కావాలి’ అంటున్నారట. చేసి పంపితే ‘రంగు కలవలేదు’ అని తిప్పి పంపుతారు. పెళ్లి కూతురి చేతి కొలతకు, ఒకే చీర రంగుకు చేసిన గాజులు మరొకరికి అమ్ముడుపోవు. లక్క, రాళ్లు, రెండు రోజుల కష్టం... అన్నీ ఆయన ఖాతాలోనే. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ ట్యాగ్ దక్కింది. పేరుకి రక్షణ వచ్చింది, సంతోషమే. కానీ రంగుని కాపాడుకునే బాధ్యత ఇంకా ఈ కుంపటి ముందు కూర్చున్న మనిషి కళ్లదే. మా బృందంలో ఎవరం ఎంత విమర్శించినా ఓ చాయ్‌తో పోయింది. రంగు తప్పితే ఆయనకు పోయేది కూలి!

రంగు వెనక మనిషి

ఆ మాటే తర్వాతి సమావేశంలో చెప్పాను. అప్పుడు డిగ్రీ అబ్బాయిల్లో ఒకడు, అంతవరకూ పెద్దగా మాట్లాడనివాడు, గొంతు విప్పాడు. ఆమధ్య బృందంలో ‘నలుపు’ థీమ్ ప్రస్తావన వచ్చినప్పుడు, మొహర్రం పదో రోజు దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్‌కి సాగే బీబీ కా ఆలం ఊరేగింపుకి వెళ్దామని ఎవరో అన్నారట. ‘మీకది నల్లరంగు అన్నా. మా ఇంట్లో అది దుఃఖం’ అన్నాడు. ఫొటోలు తీయొద్దని కాదట. తీసిన వాటికి చాయ్ ముందు మార్కులు వేయొద్దని మాత్రమే అడిగాడు. ఎవరూ వాదించలేదు. లాల్‌దర్వాజా బోనాల్లో అమ్మవారి ముందు పసుపు పూసిన ముఖాలు కూడా అంతే కదా అని గృహిణి అంది. మనకు పసుపు థీమ్, ఆ తల్లికి మొక్కు.

అలాగని రంగుల ఫొటోలు మానేయాలా? అక్కర్లేదు. తీసేముందు రెండు పనులు చేస్తే చాలు. ఒకటి, అడగడం. మరొకటి, ఆగడం. మిగతా కిటుకులన్నీ తేలికే. ఎర్రటి వస్తువైతే వెలుతురు ఓ మెట్టు తగ్గించి తీయండి, వివరాలు దక్కుతాయి. పసుపు బల్బుల కింద తీస్తుంటే ఓ తెల్లకాగితం పక్కన పెట్టి మొదట దాన్నీ తీయండి. ఇంటికెళ్లాక ఆ కాగితం తెల్లగా కనిపించేలా సరిచేస్తే మిగతా రంగులూ చాలావరకు దారికొస్తాయి. రంగు పెంచే మీట ముట్టుకునే ముందు అసలు వస్తువు కళ్ల ముందు ఉందో లేదో చూసుకోండి. నలుగురు స్నేహితులు దొరికితే మీరూ నెలకో రంగు పెట్టుకోండి. ఒక్కరు ఒక్క ఫొటోనే... తీసినవాళ్లు మౌనం!

నేను చాచా అనుమతితో మళ్లీ ఫొటో తీశాను. ఈసారి కిటికీ వెలుగులో. ఒకే గాజు, దాన్ని పట్టుకున్న ఆయన వేళ్లు, వేలికొసన పాత కాలిన మచ్చ. ఏ మెరుగూ దిద్దలేదు. బృందంలో మొదటి ఫొటోకి వచ్చినంత ‘వావ్’ కూడా దీనికి రాలేదు. సాఫ్ట్‌వేర్ కుర్రాడైతే ‘కొంచెం డల్‌గా ఉంది కదా’ అనేశాడు. నోరెత్తకుండా చాయ్ తాగాను. ఈసారి చల్లారలేదు!

ప్రింటు మళ్లీ చాచాకి చూపించాను. గాజుని ప్రింటు పక్కన పెట్టి కిటికీ దగ్గర కాసేపు అటూ ఇటూ తిప్పారు. ‘హాఁ... ఏ మేరా హై’ అన్నారు. ‘ఇది నా ఫోన్‌కి పంపు బేటీ, గిరాకీలకు చూపిస్తా’ అని అడిగారు. పంపాను. ఆయన ఫోన్ తెరిచి చూసి ఫక్కున నవ్వి నాకూ చూపించారు. ఆ తెర మీద అది మళ్లీ సైన్‌బోర్డు ఎరుపే!

‘చూశావా? అందుకే చీర తెమ్మంటా’ అంటూ ఫోన్ పక్కన పెట్టి, ప్రింటు తీసుకెళ్లి కిటికీ పక్కనే మేకుకి తగిలించారు. వెలుతురు సరిగ్గా పడేచోట.