గోడబల్ల చేయించేముందు

క్రింద ఆధారము కనబడని గోడబల్లలు ఇప్పుడు పల్లెటూరి ఇండ్లలోను కనబడుచున్నవి. నేల ఖాళీగా ఉండును, ఊడ్చుకొనుట సులువు. అయితే ఆ బల్లను మోసేవి గోడలో దూర్చిన ఇనుప కమ్ములే. కాబట్టి చెక్కకంటె ముందు గోడను చూడవలెనని మేము మనవి చేయుచున్నాము.

9 అంగుళముల ఇటుక గోడ మంచిది. గదుల మధ్య కట్టిన నాలుగున్నర అంగుళముల గోడ మీద తేలిక వస్తువులే పెట్టండి. మట్టి గోడకు ఇవి వద్దు. నేల మీద నిలిచే అలమారయే మేలు.

బల్ల ఎంత ముందుకు వచ్చిన కమ్ముల మీద అంత లాగుడు. పిల్లల పుస్తకములకు 8 అంగుళముల వెడల్పు చాలును. వంటగదికైతే ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 710 ముద్ర చూచి కొనండి. అది తడికి ఓర్చును.

రెండు గోడల మధ్య పట్టే బల్ల అయితే, గోడ దగ్గర ఒకసారి, ముందు అంచు దగ్గర ఒకసారి వడ్రంగిచేత కొలిపించండి. మూలలు తరచుగా సరిగా ఉండవు. స్విచ్ బోర్డుకు నిలువుగా పైన రంధ్రము వేయనీయకండి. గోడలో కరెంటు తీగలుండును. పసిబిడ్డ పడుకొనే చోటికి పైన బల్ల అసలే వద్దు.

బిగించిన తరువాత, కూలి పూర్తిగా ఇవ్వకముందు, మీరు పెట్టదలచిన సామానంత బరువు ఒక రాత్రి దానిమీద ఉంచండి. ఆ రాత్రి పిల్లలను దూరముగా పడుకోబెట్టండి. తెల్లవారేసరికి ముందు అంచు వాలినయెడల, మొగమాటపడక మరల బిగించమని అడగండి.