ఖాళీ ప్రోనోటు మీద సంతకం ఎందుకు పెడుతున్నాం?



మా పక్క ఊరి రైతు ఒకాయన మొన్న కోర్టు కాగితం పట్టుకుని వచ్చాడు. ఎరువుల కొట్టులో తెచ్చుకున్నది 60 వేల సరుకు. దావా పడింది 2 లక్షలకు. "నేను సంతకమే పెట్టాను, అంకె వెయ్యలేదన్నా" అంటాడు. అదే కదా కొంప ముంచింది! స్టాంపు మీద సంతకం పెట్టి ఖాళీ నోటు ఇస్తే, నింపుకునే అధికారమూ ఇచ్చినట్టేనంటుంది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం. ఎక్కువ రాసుకున్నాడని నిరూపించే బరువు మన నెత్తినే. బిల్లులు దాచుకోనివాడు ఏం చూపిస్తాడు?

ప్రోనోటుకు మూడేళ్లకు కాలదోషం పడుతుంది. ఈ సంగతి కొట్టు యజమానికి తెలుసు, మనకు తెలియదు. అందుకే గడువు దగ్గరపడగానే ఇంటికొస్తాడు. "ఐదొందలు జమ వేస్తున్నా, వెనక చిన్న సంతకం పెట్టు" అంటాడు. దాన్నే చెల్లు అంటారు. గడువు లోపల చెల్లు పడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. బాకీ ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. తీసుకున్నది కడదాం. తీసుకోనిది ఎందుకు కట్టాలి?

ఇంకో మాట ఎక్స్‌పార్టీ. సమన్లు తీసుకోకపోతే కేసే ఉండదని మనవాళ్లకో పిచ్చి నమ్మకం. అమీనా వస్తున్నాడనగానే చేలోకి పోయి కూర్చుంటాం. తలుపుకి అంటించి పోయినా అందినట్టే లెక్క కట్టొచ్చు. మనం హాజరు కాలేదని రాసుకుని, అవతలివాడి సాక్ష్యం మీదే డిక్రీ ఇచ్చేస్తారు. దాన్ని కొట్టేయించాలంటే 30 రోజుల్లో అర్జీ పెట్టాలి. వాడికి మాత్రం డిక్రీ అమలు చేయించుకోవడానికి 12 ఏళ్ల గడువు! భూమి జప్తుకు వస్తుంది. ప్రోనోటు బాకీకి రైతు ఉంటున్న ఇల్లు, సేద్యానికి కావలసిన ఎడ్లు, పనిముట్లు, విత్తనం జప్తు చెయ్యకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఉంది. మనకు ఎవరైనా చెప్పారా?

హామీ సంతకమూ అంతే. బాకీదారుని వదిలి నేరుగా మన మీదకే రావచ్చు.

తప్పు సంఘంలోనూ ఉంది. రుణమాఫీ కోసం గొంతు చించుకున్నాం, నాతో సహా. ప్రోనోటు వెనక పేజీ గురించి ఒక్క సభలో మాట్లాడలేదు. ఖాళీ నోట్లు తీసుకునే కొట్ల ముందు కూర్చోవాలి. సమన్లు మామూలు తెలుగులో ఇమ్మని అడగాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును పెడుతుందని ఊరూరా చెప్పాలి.

ఆ రైతు వాయిదా ఇంకా దాటలేదు. 60 వేలకు ఇప్పటికి ఒక్క బిల్లే దొరికింది. మిగతావి అటక మీద వెతుకుతున్నాం.